నీల్దో ఎడమ మోకాలు

మాధవరం, చెన్నై
సెప్టెంబరు

చిరంజీవి శ్రీకుమార్‌కు అక్క ఆశీస్సులు.

ఫోన్ చేస్తే నువ్వు దొరకవు. దొరికినా రెండు మాటలకే "ఇంకో కాల్ వస్తా ఉండాదక్కా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. దీనికైనా తీరిగ్గా కూర్చుని జవాబు రాయి.

మీ కొచ్చి ఏజెన్సీ పంపించిన బ్రెజిల్ ఆటగాడు నీల్దో మా ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాడు. విమానాశ్రయంలో జనార్దనం గారు చేసిన హడావిడి చూస్తే నాకు తలకొట్టేసినట్టయింది. క్లబ్బు ఆయనదే, కాదనను. సౌకార్‌పేటలో స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారంతో పైకొచ్చి కొనుక్కున్నాడు. అంతమాత్రాన రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషి ముందు ఈకల కిరీటాలు పెట్టిన ఆడపిల్లలతో సాంబా డాన్సు చేయించి, అతన్నీ ఆడమని నడుం పట్టుకుని ఊపాలా? అతను సంచి భుజాన వేసుకుని అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు సెంట్రల్ స్టేషన్ నుంచి మా మాధవరం బస్టాండు దాకా గోడల నిండా పోస్టర్లు. పులి ఒంటికి అతని తల అంటించి కింద 'సాంబా పులి' అని రాశారు. ఆ పోస్టరు చూపించి, "ఇది నేనా?" అని నన్నడిగాడు. నవ్వుతూనే అడిగాడుగానీ నాకు నవ్వు రాలేదు.

క్లబ్బు ఫిజియోథెరపిస్టుగా అతన్ని మర్నాడు పరీక్ష చేసింది నేనే. బల్ల మీద పడుకోబెట్టి, ఒక్కో మచ్చ మీదా వేలు పెట్టి అడిగితే, వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్కో ఊరి పేరు చెప్పుకొచ్చాడు. పుట్టింది బ్రెజిల్ ఈశాన్యాన, వానలు పడని ఏదో చిన్న ఊళ్ళో. ఆ జిల్లా క్లబ్బులో గోల్స్ కొడుతుంటే సావో పాలోలో పెద్ద క్లబ్బు వాళ్ళు తీసుకుపోయారట. ఆడించలేదు, బెంచి మీద కూర్చోబెట్టి పోర్చుగల్‌లో మూడో డివిజన్ క్లబ్బుకు అమ్మేశారు. కుడి చీలమండ అక్కడ పోయింది. తరవాత సైప్రస్. తన జీవితంలో బాగా ఆడింది అక్కడేనట, వీధిలో పిల్లలు పేరు పెట్టి పిలిచేవాళ్ళట. ఇంటి కిటికీలకు పరదాలు కొనుక్కున్నది ఆ ఒక్క ఊళ్ళోనేనని చెప్పాడు. ఆ క్లబ్బు మూతపడింది. గజ్జల్లో ఆపరేషన్ మచ్చ అక్కడిదే. ఆ తరవాత మాల్టా, ఆ తరవాత థాయ్‌లాండ్.

ఎడమ మోకాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "పాతది, పాతది" అని మాట మార్చాడు. మోకాలు మడిచి పిక్క పట్టుకుని ముందుకు లాగాను. అడ్డు విరిగిన సొరుగులా ఎముక నా చేతిలోకి వచ్చేసింది. లోపల పట్టి ఉంచాల్సిన లిగమెంటు నరం లేదు కుమార్. తెగి చాలా నెలలయింది. జనార్దనం గారికి అప్పుడే చెప్పాను, చెవిన పెట్టలేదు.

ఒకటే అడుగుతున్నాను. సంతకాలకు ముందు ఇతన్ని ఎవరు పరీక్ష చేశారు?

అమ్మ కులాసా. నువ్వు దీపావళికి వస్తావా అని అడుగుతోంది.

అక్క,
ఆరతి

*

కొచ్చి
అక్టోబరు

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. కాగితం, కవరు, స్టాంపు, వీటి కోసం పోస్టాఫీసు దాకా పోయావా? సరే, నీ కోసం నేనూ రాస్తున్నాను.

పరీక్షలన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. థాయ్‌లాండ్ డాక్టర్లు చూశారు, ఇక్కడ మా ఆఫీసులో చూశారు, క్లబ్బు వాళ్ళు వీడియోలు చూసుకుని తీసుకున్నారు. ముప్పై దాటిన ఫార్వర్డులందరి మోకాళ్ళూ అలాగే ఉంటాయి. నరం లేకపోయినా తొడ కండ బలంతో ఆడేవాళ్ళు ఎంతమంది లేరు? నువ్వే ఆ కండను పెంచు. నీ చేతి మహిమ నాకు తెలియదా?

అక్కా, జనార్దనం సార్ దగ్గర ఈ మోకాలి మాట ఎక్కువ ఎత్తవద్దు. నీల్దో బాగా ఆడితే జనవరిలో నా మాట మీద ఇంకో ఇద్దరిని తీసుకుంటానన్నారు. ఏజెన్సీలో నాకిది మొదటి పెద్ద సంతకం. నాన్న రాయపురంలో హార్బర్ టీముకు ఆడినప్పుడు బూట్లు కూడా సొంతవి కావు, అరువు తెచ్చుకునేవాడు. ఆయన కొడుకు బ్రెజిల్ వాణ్ణి మద్రాసుకు తెచ్చాడంటే మాటలా?

దీపావళికి రాలేను. అమ్మతో నువ్వే చెప్పు.

నీ తమ్ముడు,
శ్రీకుమార్

*

మాధవరం, చెన్నై
నవంబరు

చిరంజీవి శ్రీకుమార్‌కు,

పేపర్లో చూసే ఉంటావు. నీల్దో రెండు గోల్స్ కొట్టాడు, మేం గెలిచాం. పేపర్లో రాని సంగతి నేను రాస్తాను. అన్నం తినే ముందు మాత్రం చదవకు.

ఆట మొదలవడానికి ముందు అతని మోకాలు తాటికాయంత ఉంది. క్లబ్బు డాక్టరు లావుపాటి సూది గుచ్చి నీరు లాగాడు. చిక్కగా, పచ్చగా, మధ్య మధ్య రక్తపు చారలతో వచ్చింది. పక్కన బకెట్టులో ఆ దూది, గుడ్డలు. గదిలో చెమట, బాము, టించరు అన్నీ కలిసిన కంపు. జనార్దనం గారు ఆ గదిలోనే కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని సమోసా తింటున్నాడు. తింటూ అదే చేత్తో ఫోన్ పట్టుకుని సూది గుచ్చడం వీడియో తీశాడు. నీరు తీశాక అదే మోకాల్లోకి మొద్దుబార్చే మందు ఎక్కించారు. నీల్దో పళ్ళ మధ్య తువ్వాలు కరుచుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు.

ఇది ఆటగాడికి ఇచ్చే మందు కాదు, నొప్పి తెలియకుండా చేస్తే ఉన్న కాస్త మృదులాస్థి కూడా అరిగిపోతుంది, ఇతన్ని దించకండి అని చెప్పాను. జనార్దనం గారు చేతికంటిన నూనె నా బల్ల మీద పరిచిన తెల్లగుడ్డకు తుడుచుకున్నాడు.

"ఏమ్మా ఆరతీ, ఈడికి జనం వాడి మోకాలు చూసేదానికా వస్తా ఉండేది? పోస్టర్లో మొహం చూసి వస్తా ఉండారు. సీజన్ ముగిసేదాకా వాడు నిలబడితే సరి. ఆ పైన వాళ్ళ ఊరికి పోయి పడుకోనీ."

నీల్దో ఎదుటనే అన్నాడు. భాష తెలియదనే ధైర్యం. కానీ ఆ చూపు, ఆ చెయ్యి ఊపిన తీరు ఏ భాష వాడికైనా తెలుస్తాయి. నీల్దో నా వైపు తిరిగి, టేపు గట్టిగా చుట్టమన్నాడు. చుట్టాను. నా చేతుల మీద నాకే రోత పుట్టింది.

గోల్ కొట్టినప్పుడు స్టేడియం అంతా లేచింది. అతను పరుగెత్తి జనం దగ్గరికి పోలేదు. ఉన్నచోటే మోకాలి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. అదేదో కొత్త రకం సంబరం అనుకుని గ్యాలరీలో కుర్రాళ్ళంతా మోకాళ్ళ మీద చేతులు వేసుకుని ఎగిరారు. మర్నాడు ఆ ఫోటోతో ఇంకో పోస్టరు వేశారు.

నువ్వు ఏజెంటువి. నువ్వు చెబితే వింటారు. ఇతనికి విశ్రాంతి ఇమ్మని ఒక మాట చెప్పు.

అక్క

*

కొచ్చి
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు ప్రతి ఆటగాడితోనూ ఇలా మనసు పెట్టుకుంటే ఈ ఉద్యోగం చెయ్యలేవు. సూదులు ప్రపంచమంతా వేస్తారు. అతను చిన్నపిల్లవాడు కాదు, వద్దంటే వద్దనవచ్చు. వద్దన్నాడా? అడిగి చూడు. ఆడకపోతే మరుసటి ఏడు ఏ క్లబ్బూ తీసుకోదని నీకన్నా అతనికే బాగా తెలుసు.

వాపు గురించి అంత గాభరా పడకు. బ్యాంకాక్‌లో కూడా ఇలాగే వాచి కొన్నాళ్ళకు తగ్గిపోయింది. ఐసు పెట్టు, పడుకోబెట్టు.

జనార్దనం సార్ నీ గురించి నాకు ఫోన్ చేశారు. "మీ అక్కకు నోరు కాస్త జాస్తి" అన్నారు. నేనే సర్ది చెప్పాను. దయచేసి ఇంకోసారి నాకు ఆ పరిస్థితి తేవద్దు.

శ్రీకుమార్

*

మాధవరం, చెన్నై
డిసెంబరు

శ్రీకుమార్‌కు,

అందరికీ తెలిసిన మాట ముందు రాస్తాను. మొన్నటి ఆటలో ఎవరూ తాకకుండానే నీల్దో కూలిపోయాడు. బంతి కోసం తిరిగాడంతే. ఆ శబ్దం బయట గీత దగ్గర కూర్చున్న నాకు వినిపించింది. మోకాలి ఎముక అంచు విరిగింది, పక్క నరం తెగింది, ఉన్న గుజ్జంతా నలిగిపోయింది. సూదిమందు మత్తులో లేచి ఇంకా ఆడతానన్నాడు. ఆ కాలు వంకరగా ఊగుతుంటే అవతలి జట్టు గోల్‌కీపరు మొహం తిప్పుకున్నాడు.

ఇప్పుడు పేపర్లో రాయించిన మాట. తాగి హోటల్ స్నానాలగదిలో జారిపడ్డాడనీ, పాత దెబ్బ దాచిపెట్టి క్లబ్బును మోసం చేశాడనీ, అందుకే ఒప్పందం రద్దనీ. వేలమంది కళ్ళెదుట పడ్డ మనిషి గురించి ఇంత అబద్ధం రాయించడానికి ఎంత తెగింపు ఉండాలి? అతను తాగడు. బాటిల్లో మంచినీళ్ళు కూడా వాసన చూసి తాగే మనిషి.

స్టార్ హోటల్ నుంచి ఆ రోజే సామాను బయట పెట్టించారు. ఎక్కడున్నాడో రెండు రోజులు నాకు చెప్పలేదు. ఆఫీసు డ్రైవర్ గోవిందన్ జాలిపడి చెబితే సౌకార్‌పేటలో ఒక లాడ్జికి పోయాను. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్ల మీద ఎవరో ఉమ్మిన పాన్ మరకలు, పాడైన కూరల బుట్టలు. ఆ మెట్ల మీద నీల్దో కూర్చుని ఉన్నాడు. కిందికి దిగి అన్నం కొనుక్కుని, పైకి పోలేక మధ్యలో ఆగిపోయాడు. పొట్లం ఒళ్ళో పెట్టుకుని, పక్కనుంచి ఎక్కిపోయే వాళ్ళకు దారి ఇవ్వడానికి ఆ కాలిని చేతులతో ఎత్తి పక్కకు జరుపుకుంటున్నాడు. నన్ను చూసి "సారీ" అన్నాడు. ఎందుకు సారీ? కట్టు కింద కాలు కంపు కొడుతోంది, దగ్గరికి రావద్దని.

ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ సంగతి నీకు తెలుసు కదా, ఊరూ పేరూ లేని మనిషిని తెచ్చావని విసుక్కుంటుందనుకున్నాను. గుమ్మంలో అతని కాలు చూసి పక్కకు జరిగింది. "ముందుగదికి మెట్లు లేవు కదా, ఈడే పడుకోనీ" అన్నది. రసం అన్నం కలిపి పెట్టింది. ఆమె మంచంలో ఇప్పుడు అతను పడుకుంటున్నాడు.

ఇక నీ సంగతి. బ్యాంకాక్‌లో వాచిందని రాశావు. వాచినట్టు నీకెలా తెలుసు? నాకు చెప్పింది థాయ్‌లాండ్ డాక్టర్లు చూశారని, క్లబ్బు వీడియోలు చూసిందని. వాపు గురించి నువ్వు ఎప్పుడూ అనలేదు. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. నీకు రాయకుండా నీల్దోనే అడిగాను.

అతను నీ మీద నేరం చెప్పలేదు. సంతోషంగా చెప్పాడు. అదే నాకు మరీ వెగటు పుట్టించింది. అప్పటికి అతన్ని బ్యాంకాక్ క్లబ్బు వదిలేసింది, చంకల కింద కర్రలతో నడుస్తున్నాడు. నువ్వు వెళ్ళి కలిశావు. ఏదో బడి మైదానానికి తీసుకెళ్ళి, కర్రలు గోల్ స్తంభం వెనక పెట్టించి, బంతితో పరుగెత్తమన్నావు. పడిపోయాడు. మళ్ళీ అన్నావు. మళ్ళీ పడ్డాడు. పడనివి మాత్రం ఏరి వీడియో చేశావు. అయ్యాక కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చావట. "మీ తమ్ముడు చాలా మంచివాడు, ఓపిక చాలా ఎక్కువ" అన్నాడు.

నిజమా, కాదా? ఆ ఒక్క మాటకు జవాబు రాయి.

ఆరతి

*

కొచ్చి
జనవరి

అక్కా,

నిజమే.

కానీ నువ్వు రాసినట్టు కాదు. అతనే నన్ను బతిమాలాడు. ఏ ఏజెంటూ ఫోన్ ఎత్తడం లేదు, ఊరికి పోతే మొహం చూపించలేను, ఒక్క సీజన్ చాలు అన్నాడు. ఒక్క సీజన్ ఇప్పించాను. నేను ఆ వీడియో తియ్యకపోతే ఇంకొకడు తీసేవాడు. ఈ వ్యాపారంలో అందరూ చేసేదే నేనూ చేశాను. క్లబ్బు వాళ్ళకు తెలియదనుకుంటున్నావా? జనార్దనం సార్‌కు మొత్తం తెలుసు. పోస్టరుకు పనికొస్తాడా అని అడిగారు, వస్తాడన్నాను. మోకాలి గురించి ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

నీల్దో ఒప్పందం రద్దు విషయంలో ఆటగాళ్ళ ఫిర్యాదులు వినే కమిటీ నిన్ను పిలుస్తుందని తెలిసింది. క్లబ్బు తరఫున నువ్వు చెప్పాల్సింది చిన్న మాట. పాత దెబ్బ అతను దాచాడు, మీకెవరికీ తెలియదు. అంతే. అది చెప్పడం ఇష్టం లేకపోతే ఏమీ తెలియదను. బ్యాంకాక్ ఊసు మాత్రం ఎత్తకు. ఎత్తితే నా లైసెన్సు పోతుంది. ఇద్దరు కొత్త ఆటగాళ్ళు టికెట్లు తీసుకుని సిద్ధంగా ఉన్నారు, వాళ్ళ గతి ఏం కావాలి? నీల్దోను ఊరికి పంపే ఏర్పాటు నేను చేస్తాను, మంచిగా సాగనంపుదాం.

కార్తీకకు ఇప్పుడు ఏడో నెల అని నీకు తెలుసు. నా భార్య మొహం చూసైనా ఆగు. నువ్వు నాకు అక్కవి. రాయపురంలో నాన్న పడవ దెబ్బ తగిలి మంచాన పడ్డప్పుడు నన్ను బడికి పంపింది నువ్వే. ఇప్పుడు నువ్వే నా గొంతు కొయ్యవు కదా.

నీ తమ్ముడు,
శ్రీకుమార్

*

మాధవరం, చెన్నై
మార్చి

శ్రీకుమార్‌కు,

కమిటీలో ఏం జరిగిందో నీకు ఈపాటికి ఎవరెవరో చెప్పి ఉంటారు. నేను చెప్పినది నేనే రాస్తాను.

ఎగ్మోరులో ఒక హోటల్ హాలు. జనార్దనం గారు, ఆయన లాయరు, క్లబ్బు డాక్టరు ఒక పక్క. నీల్దో చక్రాల కుర్చీలో ఒక పక్క. మధ్యలో బిస్కట్లు, టీ. లాయరు లేచి, విదేశీయుడు మన సంప్రదాయాన్ని, మన నమ్మకాన్ని అవమానించాడని మొదలుపెట్టాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ జనార్దనం గారు బిస్కట్టు టీలో ముంచుకుంటూ తల ఊపుతున్నాడు. నా వంతు వచ్చినప్పుడు ఆయన నన్ను చూసి నవ్వాడు. మనవాళ్ళమ్మాయి అన్న నవ్వు. ఆ నవ్వు చూశాక నాకు తడబాటు పోయింది.

వచ్చిన మర్నాడే మోకాలు పనికిరాదని చెప్పానన్నాను. సూదులు ఎప్పుడు వేశారో, ఎవరు దగ్గరుండి వేయించారో చెప్పాను. ఇతన్ని తెచ్చిన ఏజెంటుకు ముందే తెలుసా అని కమిటీ పెద్దమనిషి అడిగాడు.

"తెలుసండీ. కర్రలు పక్కన పెట్టించి వీడియో తీసింది అతనే. అతను నా తమ్ముడు."

 తమ్ముణ్ణి ఇరికించి ఆటగాణ్ణి కాపాడుతున్నానని లాయరు ఏదో అనబోయాడుగానీ సొంత తమ్ముడి మీద ఎవరూ అబద్ధం చెప్పరని తట్టి కూర్చున్నాడు.

ఆపరేషను క్లబ్బే చేయించాలనీ, తాగి పడ్డాడన్న మాట పేపర్లోనే వెనక్కు తీసుకోవాలనీ చెప్పారు. ఎక్కడో లోపలి పేజీలో, చీరల ప్రకటన కింద రెండు వాక్యాలు వేయించారు. జనార్దనం గారికి మందలింపు. అంతే, మందలింపు! బయటికి వస్తూ ఎవరితోనో వచ్చే సీజనుకు అర్జెంటీనా వాణ్ణి తెద్దామంటున్నాడు. నీ లైసెన్సు పోయింది. నా ఉద్యోగమూ పోయింది. పెరంబూరులో ఒక ఆసుపత్రిలో ముసలివాళ్ళ మోకాళ్ళు చూస్తున్నాను. అక్కడ ఎవరూ ఎవరినీ పరుగెత్తమనరు.

నువ్వు అమ్మకు ఫోన్ చేసి నన్ను తిట్టావట. ఆమె నాకు చెప్పలేదు, కార్తీక చెప్పింది. బిడ్డ పుట్టిందని కూడా ఆమే చెప్పింది. సంతోషం. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు గంజి పెట్టిన చీర మడతపెడుతూ, నా వైపు చూడకుండా అన్నది: "వాడు నా కొడుకు, వాడి మీద ప్రేమ నాకు పోదు. అయినా నువ్వు చెప్పింది తప్పని నేను అనలేను." ఆ తరవాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నీ మీద నాకు కోపం ఉంటుందనుకున్నాను. కోపమైతే తగ్గుతుంది. ఇది అది కాదు. నీ అక్షరాలు చూస్తే చాలు, ఆ లాడ్జి మెట్లు గుర్తొచ్చి ఒళ్ళు జలదరిస్తుంది. చిన్నప్పుడు నీ ముక్కు తుడిచిన చేతులివి, ఏం చెయ్యను? నీ పేరు వింటే కడిగేసుకోవాలనిపిస్తోంది.

ఈ ఉత్తరం అసలు రాసేదాన్ని కాదు. ఒక మాట చేరవేస్తానని ఒప్పుకున్నాను గనుక రాస్తున్నాను.

నీల్దోకు ఆపరేషను అయింది. కర్ర సాయంతో నడుస్తాడు. ఇక పరుగెత్తలేవని పెద్ద సర్జను నా ఎదుటే చెప్పాడు. నేను దాన్ని ఫోన్‌లో పోర్చుగీసులోకి మార్చి చూపించాను. చదివాడు, తల ఊపాడు, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. నిన్న వాళ్ళ దేశానికి వెళ్ళిపోయాడు. అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టడం ఎవరు నేర్పారో, వంగలేక గోడ పట్టుకుని పెట్టాడు.

విమానాశ్రయంలో నన్నడిగాడు, "మీ తమ్ముడికి నా మీద కోపమా?" అని. నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆగి ఆగి ఇలా అన్నాడు:

"నా మోకాలి వల్లే కదా ఆయన పని పోయింది. నన్ను ఎవరూ తీసుకోనప్పుడు ఆయన ఒక క్లబ్బు ఇచ్చాడు. క్షమించమని చెప్పండి. కాలు బాగయ్యాక ఎక్కడైనా చిన్న క్లబ్బు ఉంటే, నాలుగో డివిజనైనా సరే, నన్ను గుర్తుపెట్టుకోమని చెప్పండి."

చెబుతానని మాట ఇచ్చాను. చెప్పాను.

అమ్మను చూడడానికి నువ్వు ఎప్పుడైనా రావచ్చు, బిడ్డను తీసుకురా. వచ్చే రోజు ఆమెకు ముందుగా చెప్పు. ఆ పూట నేను ఇంట్లో ఉండను.

ఆరతి